పరకాల బస్సులో రుమాలు

పరకాల బస్సులో ఉన్నవి: రెండు వడ్ల బస్తాలు, ఒక కోళ్ల గంప, నిలబడ్డ జనం, సీటు ఆపుకోవడానికి ఎవరో కిటికీలోంచి వేసిన రుమాలు. అది 1981, ఆగస్టు పదిహేను. పొద్దున వరంగల్‌లో మా ఇంజనీరింగ్ కాలేజీలో జెండాకు వందనం చేస్తుంటే నాలో ఏమీ కదల్లేదు. దేశమంటే గర్వం నాకెందుకు రాదన్న దిగులుతోనే బస్సెక్కాను.

బస్సు బయల్దేరినా రుమాలు మనిషి జాడ లేదు. మా గుంటూరులో అయితే ఆ రుమాలు విలువ అక్కడితో సరి. నేను కూర్చోబోతే కోళ్ల గంప ముసలమ్మ ఆపింది.

"జాగ ఆపుకున్నడు బిడ్డా."

"ఆయన ఎక్కలేదు కదమ్మా. పోనీ, మీరు కూర్చోండి."

"బస్సు మీద ఎక్కిండేమో. దిగొచ్చి అడిగితే నువ్వు చెప్తవా జవాబు?"

చుట్టూ నవ్వారు గానీ ఎవరూ కూర్చోలేదు. ఆమె గంపను రెండో చంకకు మార్చుకుంది. పొద్దున జెండా దగ్గర రాని గర్వం ఆ సీటును చూస్తుంటే కొంచెం వచ్చింది. ఇన్నేళ్లయినా ఆ బస్సు తలపుకొస్తే హాయిగా ఉంటుంది.

పరకాల దాకా నిలబడ్డవాళ్లం ముప్పై ఒక్కరం. ఖాళీ సీటు ఒకటి.