సాక్ష్యం చెప్పి మాత్రలు ఆపిన

ఆ ఆదివారం ఆరాధనలో రెండో చరణం దగ్గర నాకు ఊపిరి అందలేదు. మా చర్చి ఉప్పల్‌లో ఒక టైల్స్ షాపు పైన ఉంటది. పదకొండేండ్ల నుంచి అక్కడ మైకు పట్టుకొని పాటలు నడిపించేది నేనే. దగ్గు ఆగకపోతే పక్కకు జరిగి కొంగు అడ్డం పెట్టుకున్న. భుజాలు కదులుతుంటే అందరూ నేను ప్రార్థనల ఏడుస్తున్న అనుకున్నరు. నేను కూడా అట్లనే అనుకోనిచ్చిన.

నేను నాచారంలో మందుల కంపెనీల ప్యాకింగ్ పని చేస్త. దగ్గు మూడు వారాలైనా తగ్గలే. షిఫ్ట్ అయిపోయే సరికి రోజూ ఒళ్లు వెచ్చబడేది. జాకెట్లన్నీ వదులైనయ్. నా భర్త ప్రసాద్ బస్సు డిపోల మెకానిక్. "దవాఖానకు నడువు" అని రోజూ మొత్తుకునేటోడు. చర్చిల ఇరవై ఒక్క రోజుల ఉపవాస ప్రార్థన నడుస్తున్నది, దాన్ని నడిపించేది నేనే. అది అయినంకనే పోయిన.

X-ray తీసిన్రు, sputum test అని తెమడ తీసుకొని చూసిన్రు. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. "Pulmonary TB అమ్మా. ఆరు నెలల course. రెండో నెలకే బాగైపోయిన అనిపిస్తది. అప్పుడు ఆపొద్దు. చానామంది చేసే తప్పు అదే" అన్నది. నేను తలకాయ ఊపిన.

ఆమె చెప్పినట్టే అయింది. రెండు నెలలకు దగ్గు పోయింది, అన్నం సయించింది. అప్పుడే మా పాస్టర్‌గారు పిలిచిన్రు. "వచ్చే ఆదివారం స్వస్థత కూడిక చెల్లెమ్మా. నీ సాక్ష్యం ఉండాలె."

"ఇంకా నాలుగు నెలలు మాత్రలున్నయ్ అయ్యగారు."

"బాగుచేసింది దేవుడా, మాత్రనా? ఏది చెప్తవు?"

సరే అన్న. ఎందుకంటే అదే ప్రశ్న నేను ఎంతోమందిని అడిగిన. ఆదివారం మైకు ముందు నిలబడి "దేవుడు నన్ను ముట్టిండు, నాకిప్పుడు ఏ రోగం లేదు" అన్న. హాలంతా చప్పట్లు. తెల్లారి మాత్ర చేతిల పెట్టుకుంటే మింగబుద్ధి కాలే. మింగితే నిన్న చెప్పింది అబద్ధమైతది. సింకుల వేసి నీళ్లు వదిలిన. ఆ తర్వాత రోజూ అదే చేసిన. ఒక మాట సరిగ్గ రాయాలె. మాత్రలు ఆపమని పాస్టర్‌గారు నోటితో చెప్పలే. నా పేరు పోతదని నేనే ఆపిన.

నాలుగు నెలలకు ఒక పొద్దున పళ్లు తోముకుంటుంటే దగ్గొచ్చి బేసిన్‌ల రక్తం పడ్డది. మళ్లా టెస్టులు. "Rifampicin resistance వచ్చింది, అసలైన టీబీ మందే నీ మీద పనిచేస్తలేదు. మాత్రలు ఎన్ని రోజులు ఆపినవ్?" అని డాక్టరమ్మ అడిగింది.

"నాలుగు నెలలు."

ఆమె పెన్ను కింద పెట్టింది. "మందులు మార్చాలె. ఈసారి పద్దెనిమిది నెలలు. గట్టి మందులు, తట్టుకోవాలె" అన్నది. ఆపిన సంగతి పక్కన కూసున్న ప్రసాద్‌కు అప్పుడే తెలిసింది. బయట బండి స్టార్ట్ చేయకుండ నిలబడి, "దేవునికి అబద్ధం ఆడొద్దని నాకు అబద్ధం ఆడినవా?" అన్నడు. తర్వాత వారం దాకా నాతోని మాట్లాడలే. వండి పెట్టిండు, మాత్రలు తన చేత్తోని ఇచ్చిండు, మింగేదాక నిలబడ్డడు.

ఆ మందులతోని కడుపుల తిప్పుడు, మొఖం నల్లబడుడు. ఆరో నెలల అరికాళ్లు మంట మొదలై, తర్వాత మొద్దుబారినయ్. "కొత్త మందులల్ల Linezolid వల్ల neuropathy, నరాలు దెబ్బతిన్నయ్. Dose తగ్గిస్త గని, ఈ తిమ్మిరి మొత్తం పోతదో లేదో చెప్పలేను" అన్నది డాక్టరమ్మ.

పాస్టర్‌గారు ఒక్కసారి ఫోన్ చేసిన్రు. "దాచిన పాపం ఏమన్న ఉంటే ఒప్పుకో చెల్లెమ్మా" అన్నరు. పాటలకు వేరే ఆమెను పెట్టిన్రు. నా సాక్ష్యం వీడియో మాత్రం వాట్సాప్ గ్రూపులల్ల తిరుగుతనే ఉన్నది. నేను మంచం మీద రక్తం దగ్గుతుంటే, దాంట్ల నవ్వుకుంట "నాకు ఏ రోగం లేదు" అంటున్న.

ఇంట్ల ఒక్కదాన్నే ప్రార్థన చేద్దామని కూసుంటే పది నిమిషాలల్ల మాటలు అయిపోయినయ్. నాకొచ్చిన మాటలన్నీ మైకు ముందు మాటలే. వినేటోళ్లు లేకపోతే నాకు దేవునితోని మాట్లాడొస్తలేదు. పదకొండేండ్ల భక్తి గంతే. బైబిలు చదివితే అండ్ల భక్తులు దేవున్ని నిలదీసిన చోట్లు, ఏడ్చిన చోట్లు కనబడ్డయ్. కూడికలకు వాక్యం ఎంచేటప్పుడు నేను దాటేసినవి అవే.

అప్పుడే సుగుణక్క గుర్తొచ్చింది. మా చర్చికి వచ్చే షుగర్ పేషెంట్. మూడేండ్ల కింద ఇంటికి పోయి ప్రార్థన చేసి, "సూది మీద నమ్మకం పెడితే దేవుని మీద ఏం పెడతవక్కా?" అన్న. తర్వాత ఆమె చర్చికి రావుడు బంద్ చేసింది. ఎందుకని నేను ఒక్కనాడు అడగలే.

నా sputum నెగెటివ్ వచ్చి, నాతోని వేరేటోళ్లకు అంటదని డాక్టరమ్మ చెప్పినంక, మాస్క్ పెట్టుకొని నాచారంల సుగుణక్క ఇంటికి పోయిన. ఆమె ఎడమ కాలుకు రెండు వేళ్లు లేవు.

"నీ మాట విని మూడు నెలలు ఇన్సులిన్ ఆపిన," అన్నది.

నేను ఏడ్సుకుంట "క్షమించు అక్కా, ప్రార్థన చేస్త" అన్న.

"ప్రార్థన వద్దు. ఏడ్వకు కూడా. కూసో."

కూసున్న. గంటసేపు ఆమె కాలు దిక్కే చూసిన. ఆ గంటల నేను దేవునికి ఒక్క మంచి మాట చెప్పలే, నేను చేసింది చూపిచ్చుకుంట ఉన్న. నా బతుకుల నేను నిజంగ చేసిన మొదటి ప్రార్థన అదేనేమో. వచ్చేటప్పుడు "గురువారం కాలు పుండు డ్రెస్సింగ్‌కు పోవాలె, తోడు రా" అన్నది. అప్పటి సంది ప్రతి గురువారం పోతున్న. క్షమించిన అని ఆమె ఇప్పటిదాక అనలే. నేను అడుగుతలే.

Course అయిపోయి ఏడాదైంది. మళ్లా పనికి పోతున్న. కాళ్ల తిమ్మిరి పోలే. రోడ్డు మీద చెప్పు జారిపోయినా నాకు తెల్వది, వెనుక వచ్చేటోళ్లు పిలిచి చెప్పాలె. చర్చికి పోతున్న, ఆఖరి వరుసల కూసుంట. పోయిన నెల పాస్టర్‌గారు "రెండోసారి కాపాడిండు, సాక్ష్యం చెప్పు" అన్నరు. "మాత్రలు ఎట్ల ఆపిన్నో, సుగుణక్క వేళ్లు ఎట్ల పోయినయో కూడా చెప్త, సరేనా?" అన్న. ఆయన మళ్లా అడగలే.

టీబీ మాత్రలు మింగుతున్నోళ్లకు నేను చెప్పేది ఒక్కటే. Course అయిపోయిందని డాక్టర్ చెప్పేదాక "నాకు బాగైంది" అని ఎవ్వరి ముందూ అనకుండ్రి. అన్నరా, ఆ మాట నిలబెట్టుకోనీకి మాత్రలు ఆపుతరు.