ఇంటిపేరుగా మిగిలిన ఊరు

తెలంగాణ కోసం జరిగిన సమ్మె వల్ల మా బడి మూతపడింది. నేను పంతులు ఉద్యోగం చేసేవాణ్ణి. ఏం తోచక మా పూర్వీకుల ఊరు వెతకడం మొదలుపెట్టాను. మా ఇంటిపేరు ఏదో ఊరి పేరని బాపు అనేవాడు. అదెక్కడుందో ఆయనకూ తెలియదు. సిద్దిపేట చుట్టుపక్కల అలాంటి ఊరు లేదు. బాపు రోజూ దీక్షా శిబిరానికి పోయి, గొంతు బొంగురుపోయి ఇంటికొచ్చేవాడు.

బస్సులు నడవడం లేదు. బండి మీద కోహెడ వెళ్లి మేనత్తను అడిగాను. ఆమె బాపు కంటే చాలా పెద్దది. వాకిట్లో పత్తి ఆరబోస్తూ, తలెత్తకుండానే చెప్పింది. మా ముత్తాత, ముత్తవ్వ కరువులో కృష్ణ దాటి వచ్చారట. మా ఇంటిపేరు గుంటూరు అవతల, సముద్రం దగ్గరి ఊరిదట. దారిలో ఇద్దరు పిల్లలు పోయారు. ఇక్కడికొచ్చాక ముత్తవ్వ యాసకు ఆడవాళ్లు నవ్వేవారు. దాంతో ఆమె బయట నోరు విప్పడం మానేసింది. వాడకట్టంతా ఆమెను మూగదనుకున్నారు.

"ఇంట్ల మాట్లాడేది," అంది మేనత్త. "మెల్లగ. మాకే సగం సమజయ్యేది గాదు."

"బాపుకు ఎందుకు చెప్పలేదత్తా?"

"మీ బాపు పుట్టేటాళ్లకే ముసల్ది పోయింది. గిప్పుడు చెప్పి ఏం జేస్తవ్?"

అయినా చెప్పాను. బాపు అన్నం తింటున్నాడు. "ఆంధ్రోళ్లమా?" అన్నాడు. మిగిలింది తిని చెయ్యి కడుక్కున్నాడు. మర్నాడు మామూలుగానే శిబిరానికి బయల్దేరితే నేనూ వెంట వెళ్లాను. ఆంధ్రోళ్లు వెళ్లిపోవాలని ఎవరో మైకులో అరిచాడు. అందరూ చప్పట్లు కొట్టారు. బాపు చేతులు ఒళ్లోనే ఉన్నాయి. లేచి మాత్రం రాలేదు.

సమ్మె ముగిశాక ఒక్కణ్ణే ఆ ఊరు వెళ్లాను. టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయనకు మా ఇంటిపేరు చెప్పాను.

"ఆ ఇంటిపేరు వాళ్లు ఇక్కడెవరూ లేరండీ," అన్నాడాయన. "ఊరొదిలి పోయినోళ్లనే ఊరి పేరుతో పిలుస్తారు. మీది తెలంగాణా?"

అవునన్నాను. ఏడుపొస్తుందేమో అనుకున్నాను, రాలేదు. సముద్రం దాకా నడిచి, కాసేపు నిలబడి, వచ్చిన దారినే బస్టాండుకు పోయాను.

ఇంటికొచ్చేసరికి బాపు టీవీలో వార్తలు చూస్తున్నాడు. తిన్నావా అని అడిగాడు. లేదన్నాను. పళ్లెంలో అన్నం పెట్టుకొచ్చి నా ముందు పెట్టి, మళ్లీ వెళ్లి కూర్చున్నాడు.