లేకపోతే ఎక్కడుందో చూడు

మొన్న సోమవారం పొద్దుగాల పాలు పోసే అవ్వ మా వాకిట్ల నిలబడి, ఇంగ్లీషు సార్ పోయిన్రని చెప్పింది. నిద్రలనే పోయిన్రట. ఏడుపొచ్చింది. ఎనకనే నవ్వు గూడ వచ్చింది. ఏం చేయను, సార్ యాదికొస్తే నవ్వు ఆగదు.

సార్ నాకు బడిల చదువు చెప్పలే. రిటైరైనంక మా పక్కింట్ల దిగిన్రు. రాయచూరుల మా దిక్కు ఎవరికి ఇంగ్లీషుల ధమ్కీ వచ్చినా, నోటీసైనా, ఫోన్ల మెసేజైనా, పట్టుకొని సార్ ఇంటికే ఉరికేది. ఆ ఇంటి గేటుకు పాత ఓనరు కొట్టిచ్చిన రేకు బోర్డు ఉన్నది: 'ట్రెస్‌పాసర్స్ విల్ బి ప్రాసిక్యూటెడ్'. అడగకుండ లోపలికొస్తే కేసు పెడ్తమని. సార్ దాన్ని పీకలే. దాని పక్క గోడ మీద సుద్దముక్కతోని తెలుగుల, కన్నడల, ఉర్దూల రాసిన్రు: "లోపలికి రాండి, చాయ్ ఉన్నది." వాన కడిగినప్పుడల్లా మళ్ళ రాసేటోళ్ళు.

కాయితం వెంటనే ముట్టకపోతుండిరి. ముందుగాల చాయ్, గిన్నెడు మండక్కి బొరుగులు. తర్వాత ఆ ఇంగ్లీషు మాటకు అర్థం చెప్పి, దాన్నే మీ అమ్మ తిట్టినట్టు గట్టిగ అనమనేటోళ్ళు. 'వాచ్ యువర్ స్టెప్' అని షాపు ఓనరు పంపిండని మా టైలరన్న వణుక్కుంట వచ్చిండు. "జర చూసుకొని నడువు బిడ్డా" అని వాళ్ళమ్మ గొంతుతోని అని, తనే పకపక నవ్విండు. ఇంగ్లీషుల ఉన్నదని సగం భయం ఉత్తగనే పడ్తమని సార్ అంటుండిరి.

అన్నీ నవ్వి ఇడిసిపెట్టలే. మా గల్లీ పిల్లకు ఎవడో 'యు విల్ రిగ్రెట్ దిస్', దీనికి ఏడుస్తవ్ అని మెసేజ్ పెట్టి, ఆమె ఇంటికొచ్చే టైము గూడ రాసిండు. సార్ చాయ్ గ్లాసు కింద పెట్టి, చెప్పులేసుకొని, ఆమెను ఎంటబెట్టుకొని సీదా పోలీసు స్టేషన్‌కు నడిచిన్రు.

ఇగ నా సంగతి. పత్తి కంపెనీ ఆఫీసుల కంప్యూటరు పని నాది. మా ఇంట్ల ఆడోళ్ళల నెల జీతం తెచ్చిన మొదటిదాన్ని నేనే. ఒకరోజు మా కంపెనీ పెద్ద సార్ బెంగళూరు నుంచి మెయిల్ పెట్టిండు. స్టాకు రిపోర్టులు లేటైతున్నయ్, 'పుల్ అప్ యువర్ సాక్స్, ఆర్ ఎల్స్ ఫేస్ ద మ్యూజిక్' అని. పని సక్కగ చెయ్యి, లేకపోతే అనుభవిస్తవ్ అన్నట్టు. ఇగ నా నౌకరి పోయినట్టే అనుకున్న. వాళ్ళు తీసేయకముందే నేనే మానేస్తే ఇజ్జత్ అన్న మిగుల్తదని రాజీనామా టైపు చేసి, తప్పులు దిద్దుమని ఆఫీసు లాప్‌టాప్ పట్టుకొని మా ఇంగ్లీషు సార్ దగ్గరికి పోయిన.

సార్ రాజీనామా చదవలే. మెయిలే చదివిన్రు.

"దీంట్ల 'లేకపోతే' ఎక్కడుందో చూడు బిడ్డా. 'లేకపోతే' అన్నోడు ఇంకా తలుపు మూయలే. వద్దనుకున్నోడు ధమ్కీ ఇయ్యడు, సప్పుడు లేకుండ సంతకం పెడ్తడు. దాని ముందల ఏమున్నదో అది చెయ్యి, పో."

ముందల ఉన్నవి రెండు రిపోర్టులు. సార్ వరండాలనే కూసొని పంపిన. సాయంత్రానికి 'గుడ్' అని ఒక్క మాట వచ్చింది. ఆ నౌకరి ఇయ్యాలటికీ నాదే. సార్ లేకుంటే నా చేతులతోని నేనే పోగొట్టుకుంటుంటి.

సార్ పోయిన మూడోరోజు వాన కొట్టింది. మర్నాడు పొద్దుగాల గేటు దగ్గర కల్లూరు నుంచి వచ్చిన ఒకామె నిలబడి ఉంది. చేతుల బాయి మోటరు కరెంటు బాకీ నోటీసు. గోడ మీద రాత కొట్టుకపోయింది, రేకు బోర్డొక్కటే మిగిలింది. లోపలికి రావాల్నా వద్దా అని బిక్కమొకమేసి చూస్తున్నది.

నేనే చెయ్యి పట్టి లోపలికి తీసుకపోయిన. సార్ భార్య, మేం అమ్మ అంటం, పొయ్యి మీద చాయ్ పెట్టింది. చాయ్ తాగినంకనే కాయితం ఇప్పిన. 'ఫెయిలింగ్ విచ్' అని ఉంది. అదే 'లేకపోతే'. దాని ముందల బాకీ కట్టనీకి వారం గడువున్నది. చెప్తుంటే ఆమె మొకం తేటగైంది.

ఆమె పోతుంటే గేటు దాక పోయిన. ఎనక నుంచి అమ్మ వచ్చి నా చేతుల సుద్దముక్క పెట్టింది. సార్ అరగదీసింది, గోరంతే మిగిలింది. గోడ ఇంకా తడిగనే ఉంది. ఆరేదాక ఆగలేక, "లోపలికి రాండి" అని రాసిన.