గుమ్మానికి కట్టిన సాల కొమ్మ

భాలుబాసా సంతలో సాల ఆకుల విస్తళ్ల కట్ట విప్పగానే వచ్చే పచ్చి వగరు వాసన తగిలితే చాలు, నేను ఎనభైల మొదట్లోని గోవింద్‌పూర్ దగ్గర, సంతాల్ ఆదివాసీల ఊరి చివర, పని కోసం వలస వచ్చి మేం కట్టుకున్న పెంకుటింటి ముందు ఉంటాను.

ఆ ఊరి పెద్ద మాంఝీ బాబా. తరతరాలుగా పెద్దరికం వాళ్లింటిదే అయినా, ఊరంతా నేల మీద కూర్చుని మాట్లాడుకోనిదే ఆయన ఏదీ తేల్చేవాడు కాదు. జీపూ, బంట్రోతూ లేని ఈ సర్కారు ఎలా నడుస్తుందా అని నాకు ఒకటే ఆరా.

ఓ ఉగాది పొద్దున అమ్మ పచ్చడికి వేపపువ్వు దులుపుతుంటే, పక్కింటి ముసలాయన పూలతో ఉన్న సాల కొమ్మ ఆమె చేతిలో పెట్టి, సంతాలీలో ఏదో చెప్పి వెళ్లిపోయాడు.

"పండగని తెలిసి ఇచ్చీసినాడు, మంచోడు" అని మురిసిపోతూ అమ్మ దానికి పసుపు రాసి, మామిడాకుల మధ్య గుమ్మానికి కట్టింది.

మధ్యాహ్నం అటుగా వచ్చిన మాంఝీ భార్య ఫూలో మౌసీ అది చూసి బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "అరే దీదీ, యే తో బులావా హై!"

అది పిలుపట. వాళ్ల దేవతల తోపు మీదుగా సర్కారు రోడ్డు వేస్తానంటోంది. మర్నాడు ఆఫీసరు వస్తాడు. తోపుకు మొక్కే పొరుగూళ్ల వాళ్లు కూడా వచ్చి వద్దనకపోతే అంతా ఒప్పుకున్నట్టే. కొమ్మ ఇంటింటికీ నడవాలి, ఊళ్లో చివరింటి వాళ్లు దాన్ని పక్కూరికి చేర్చాలి.

అమ్మ బిత్తరపోయింది. "మాకెందుకిచ్చినారు? మాదీ ఊరు కాదు గదేటి, మాది టెక్కలి కాడ."

అమ్మ మాట నేను మౌసీకి హిందీలో చెప్పాను. ఆమె నవ్వి, "చూల్హా తో యహీ జల్తా హై నా?" అంది. పొయ్యి ఇక్కడే కదా వెలుగుతోంది!

అమ్మ పచ్చడి గిన్నె మీద మూత పెట్టి, పసుపు మరకల కొమ్మ పట్టుకుని, ఉగాది చీర కుచ్చిళ్లు ఎగదోపి, ఎండలో వాగు దాటి పక్కూరికి నడిచింది. వెనకాలే నేను, ఎంత గర్వంగా ఉందో!

మర్నాడు తోపు పక్కన జనం ఇసకేస్తే రాలనట్టు కూర్చున్నారు. కుర్చీ కోసం వెతికిన ఆఫీసరు చివరికి నేల మీదే కూర్చుని విన్నాడు. రోడ్డు తోపును చుట్టి పోయింది.

మేమింకా ఆ ఇంట్లోనే ఉన్నాం. మాంఝీ బాబా లేడు, మౌసీ లేదు. పోయినేడు రోడ్డు వెడల్పు చేస్తామని యంత్రాలు వచ్చి పొద్దున్నే తోపు నరకడం మొదలుపెట్టాయి. ఆ చప్పుడుకి కర్ర పట్టుకుని వాకిట్లోకి వచ్చిన అమ్మ, తోపు వైపు చూసి, తర్వాత మా గుమ్మం వైపు చూసింది.

"ఏటే, మనకి కొమ్మ రానేదేటి?"