కంపెనీ సంచి, ద్రాక్ష షర్బత్

మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. పెట్టింది నేనే. కంపెనీ నుంచి వచ్చినదేదీ గడప దాటకూడదు. మా ఆయన డ్యూటీ దిగి వస్తే బూట్లు బయట, అంగీ బయట, ఖాకీ సంచి బయట చూరు కింది మేకుకు. బకెట్ నీళ్లు పోసుకుని, లుంగీ మార్చుకుని, అప్పుడు లోపలికి. పిల్లలు నాన్నా అంటూ ఎగబడినా స్నానం కానిదే ముట్టుకోనిచ్చేదాన్ని కాదు. "కంపెనీల గూడ ఇంత స్ట్రిక్టు లేదే" అని గొణుక్కునేవాడు. గొణుక్కోనీ, నాకేం.

తొంభైల నాటి సంగతి ఇది. జిన్నారం దగ్గర ఒక ఊళ్లో కిరాయికి ఉండేవాళ్లం. ఆయన పని మందుల కంపెనీలో డ్రయ్యర్ దగ్గర. తడి పొడిని వేడి గాలితో ఆరబెట్టే పెద్ద యంత్రమది. ఎండాకాలం దాని ముందు నిలబడడమంటే మాటలు కాదు. ఆ వారంలోనే రెండుసార్లు ఇంటికొచ్చి తల తిరుగుతోందని గోడకు జారగిలబడ్డాడు. వడదెబ్బ అనుకుని ఉల్లిగడ్డ దంచి అరికాళ్లకు రాశాను. అక్కడ ఏ పొడి ఏమిటో ఆయనకూ సరిగ్గా తెలియదు. ఒక్కటి మాత్రం మా అందరికీ చెప్పి పెట్టాడు. "కొన్ని పొడులు నాలుకకు తియ్యగ తగుల్తయి. తియ్యగున్నదని మంచిదనుకోవద్దు." ఆ మాట పిల్లలు విన్నారో లేదో గానీ నాకు మాత్రం బాగా పట్టుకుంది.

ఒంటిపూట బడులు మొదలయ్యాయంటే మా ఇంట్లో ద్రాక్ష షర్బత్ చేయాల్సిందే. గుత్తి నుంచి రాలిపోయిన నల్ల ద్రాక్షలు బండివాడు నాకోసం పక్కన పెట్టేవాడు. వాటిని ఉప్పునీళ్లలో కడిగి, చేత్తో పిసికి, పలచటి గుడ్డలో వడగట్టాలి. మిక్సీలో వేస్తే గింజల చేదంతా దిగుతుంది, చేత్తోనే పిసకాలి. అందులో నాలుగు నిమ్మకాయలు పిండి, చక్కెర, చిటికెడు నల్లుప్పు, నానబెట్టిన సబ్జా గింజలు వేసి, కుండలో పోసి తడిగుడ్డ చుట్టేదాన్ని.

ఆ రోజు రసం తీసి, నిమ్మకాయలు పిండి చూస్తే చక్కెర డబ్బా ఖాళీ. అంతలో నీళ్ల ట్యాంకర్ హారన్ వినిపించింది. మా బోరు నీళ్లు బట్టలకు తప్ప నోట్లో పోసుకోవడానికి పనికిరావు, ట్యాంకర్ తప్పితే మళ్లీ రెండు రోజుల దాకా గతి లేదు. తొమ్మిదేళ్ల పెద్దబిడ్డ అప్పుడే బడి నుంచి వచ్చింది. "చక్కెర తెచ్చినంక కలుపుత, ముట్టకున్రి" అని చెప్పి బిందెలు పట్టుకుని ఉరికాను. లైన్లో ఒకామెతో పోట్లాట కూడా పెట్టుకుని, వచ్చేసరికి గంట దాటింది.

పెద్దది గుమ్మంలో గిలాస పట్టుకుని ఎదురొచ్చింది. "అమ్మా, నేనే కలిపిన. జెర తాగి సూడు." ఐదేళ్ల చిన్నదానికి మూతి చుట్టూ ఊదారంగు మీసం. అరుగు మీద మా ఇంటి ఓనరమ్మ, డెబ్బై దాటిన అవ్వ, రెండో గిలాస ఖాళీ చేస్తోంది.

"పిల్ల మంచిగ చేసింది. నీకన్న మంచిగ చేసింది" అంది అవ్వ.

"చక్కెర ఏడికెళ్లి తెచ్చినవే?"

పెద్దది చూరు కింది మేకు వైపు చూపించింది. వాళ్ల నాన్న ఆ రోజు సంచి అక్కడే మరిచిపోయి డ్యూటీకి వెళ్లాడు.

సంచిలో ఒక సగం కవరు, దాని కింద ముడి వేసిన కవర్లు మరో నాలుగు. అన్నిట్లోనూ తెల్లటి పొడి. పేరు లేదు, ముద్ర లేదు. ముందు చేసిన పని పిల్ల వీపు మీద ఒక్కటి వేయడం. ఆ దెబ్బ తలచుకుంటే నాకిప్పటికీ సిగ్గే. అది ఏడుస్తూ, "తియ్యగనే ఉండె అమ్మా, నాలుకకు పెట్టుకొని సూసిన" అంది. ఆ తియ్యదనమే నా ప్రాణం తీసింది.

కుండ ఎత్తి మోరీలో పారబోయబోతే అవ్వ చెయ్యి పట్టుకుంది. "ఉంచు. ఏం తాగిన్రో సూపియ్యిమంటడు డాక్టరు." ఆర్‌ఎంపీ డాక్టరు ఇల్లు నాలుగిళ్ల అవతలే. ఆయన పొడి చూశాడు, వాసన చూశాడు, పిల్లల కళ్లు చూశాడు. "ఇదేందో తెలిస్తెనే మందు. కంపెనీకి పో, అడిగి సక్కగ దవాఖానకు పోదువు గని, జల్దీ" అన్నాడు. అప్పటిదాకా ఆడుకుంటున్న చిన్నది కడుపు పట్టుకుని, "అమ్మా, నొస్తుంది" అంది. దాన్ని చంకనేసుకుని, కవరు చేతబట్టుకుని రోడ్డు మీదికి ఉరికాను.

షేర్ ఆటోలో పిల్లలిద్దరితో ఎక్కుతుంటే అవ్వ కూడా ఎక్కి కూర్చుంది. "నేను గూడ తాగిన గద. ఏమన్నయితే ముందు నాకే కావాలె, రెండు గిలాసలు తాగిన." ఆటోలో వాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. దారంతా పెద్దదాని చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఇంకా ఏడుస్తూనే ఉంది, కొట్టినందుకో భయానికో తెలియదు. అడిగే ధైర్యం నాకు లేదు.

గేటు దగ్గర వాచ్‌మన్‌తో ఏం చెప్పానో గుర్తు లేదు. లోపలికి కబురు వెళ్లింది. పది నిమిషాలకు మా ఆయన హెల్మెట్‌తో, కనుబొమల మీద తెల్ల దుమ్ముతో పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైందే, పిల్లలకేమైంది?"

కవరు ఆయన మొహం ముందు పెట్టాను. "ఇదేంది? పిల్లలు తాగిన్రు. చెప్పు జల్దీ."

ఆయన కవరు చూశాడు, పిల్లల్ని చూశాడు. పక్కనున్న నల్లా కింద చేతులు కడుక్కుని వచ్చి, చిటికెడు పొడి తీసి నోట్లో వేసుకున్నాడు.

"గ్లూకోసే. నీ పాడుగాను, సంపినవు గద నన్ను" అన్నాడు.

అక్కడే గేటు పక్కన మట్టిలో కూలబడ్డాను. ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి. పెద్దదాన్ని దగ్గరికి లాక్కుని వీపు నిమురుతూనే ఉన్నాను. చిన్నది, "నాకిప్పుడు నొస్తలేదు" అని ప్రకటించింది. "నేను చెప్పలే?" అంది అవ్వ. ఆమె ఏమీ చెప్పలేదు, కానీ ఆ పూట ఆమె ఏమన్నా ఒప్పుకునేదాన్నే.

ఊపిరి కుదుటపడ్డాక అడిగాను, గ్లూకోస్ అయితే ఆ దాపరికం దేనికని. ఆయన నేల చూపులు చూశాడు. ఎండాకాలం డ్రయ్యర్ దగ్గరి వాళ్లకు రోజుకో కవరు ఇస్తారట, నీళ్లలో కలుపుకుని తాగమని. "పొల్లగాండ్లకు షర్బత్‌ల ఎయ్యొచ్చని జమ చేస్తున్న. డబ్బ నిండేటన్ని అయినంక చెప్దమనుకున్న. ముందే చెప్తే లోపలికి రానియ్యవు గద."

ఐదు కవర్లు. ఐదు రోజులు. ఆ యంత్రం ముందు ఉత్త నీళ్లు తాగి నిలబడ్డాడన్నమాట. వడదెబ్బ అనుకుని నేను ఉల్లిగడ్డ రాసింది ఈయనకే. అంతమంది ముందు తిట్టడం బాగుండదని ఊరుకున్నాను, లోపల మాత్రం మండిపోయింది.

షిఫ్టు దిగి ఇంటికొచ్చి, బూట్లూ అంగీ బయటే పెట్టి, స్నానం చేసి లోపలికొచ్చాడు. కుండలో మిగిలిన షర్బత్ చెంబు నిండా పోసి చేతికిచ్చాను.

"పిల్లలకు ఉంచు" అన్నాడు.

"తాగుతవా, రేపు మల్ల గేటు కాడికి రావాల్నా?"

ఆయన నవ్వి చెంబు ఎత్తాడు. అడుగున ఉన్న సబ్జా గింజలు కూడా గొంతు దిగేదాకా నేను అక్కడినుంచి కదల్లేదు.