వాన చూడనిదే పట్టా వేయని మా వదిన

పాలకుర్తి బస్టాండులో బస్సు ఆగి ఉంది. జనం ఎక్కుతున్నారు, నేను టికెట్లు కొడుతున్నాను. అప్పుడు మా అన్న ఫోను వచ్చింది. మా అన్న తనంతట తాను ఫోను చేసే మనిషి కాడు. అందుకే పేరు చూడగానే టికెట్లు ఆపి ఎత్తాను. “మీ వదిన సచ్చిపోయింది చెల్లె” అన్నాడు. అంతే, పెట్టేశాడు. మిగతాది తర్వాత తెలిసింది. మహబూబాబాద్ దగ్గర ఎవరింట్లోనో గేటు బాగుచేసి, చేతులు కడుక్కొని, మంచినీళ్ళు అడిగి అరుగు మీద కూర్చున్న మనిషి అట్లాగే పక్కకు ఒరిగిందట. దవాఖానకు తీసుకుపోయేసరికే అయిపోయింది. గుండె ఆగిందన్నారు. ఆ ఎండల్లో తిరగొద్దని నేను ఎంత నెత్తీ నోరూ కొట్టుకున్నాను! వింటేనా?

బస్సులో అందరూ చూస్తుండగానే ఏడ్చేశాను. ముందు సీట్లో ఒక ముసలమ్మ “ఎవలు బిడ్డా?” అని అడిగింది. “మా వదిన అవ్వా, గేట్లు బాగుచేస్తది” అన్నాను. “అయ్యో, గా మోటరు గేట్లామెనా!” అని ఆమె కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ ముసలమ్మ ఇంటికి అసలు గేటు ఉందో లేదో నాకు తెలియదు. అయినా మా వదిన ఆమెకు తెలుసు. అంత దుఃఖంలోనూ నాకు గర్వం కలిగింది. దాచుకోవడమెందుకు, ఇది రాస్తున్నది కూడా ఆ గర్వంతోనే.

జనగామలో మా అన్నది ఇనుప గేట్లు చేసే షాపు. వెల్డింగులో ఆయన చెయ్యి పడితే అతుకు ఎక్కడుందో వెతుక్కోవాలి. కానీ నోట్లోంచి మాట రాదు. ఊళ్ళలో కొత్త ఇళ్ళు లేచి, రిమోటు నొక్కితే జరిగే గేట్లు కావాలని జనం అడగడం మొదలుపెట్టినప్పుడు, మోటార్లు అమ్మినవాళ్ళు వచ్చి బిగించి పోయేవారు. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచేసరికి గేటు మొండికేసేది. అమ్మినవాళ్ళకు ఫోను చేస్తే ఎత్తేవాళ్ళు ఉండరు. జనం వచ్చి గేటు చేసిన మా అన్న మీద పడేవారు. ఆయన తల వంచుకొని నిలబడేవాడు. ఒకరోజు మా వదిన పొయ్యి మీది కూర దించి బయటికొచ్చి, “ఆయననేమంటరు? నేనొస్త పాండ్రి, దానికేం రోగమొచ్చిందో సూస్త” అని, వచ్చినవాళ్ళ కారులోనే ఎక్కి పోయింది. ఆ పోవడం పోవడం ఇక ఆగలేదు. మా అన్న గేటు చేయడం, మా వదిన దాన్ని నడిపించడం, అదే వాళ్ళ సంసారమైంది.

ఆడమనిషి మోటారు బాగుచేస్తుందా అని నవ్వినవాళ్ళు లేకపోలేదు. కొత్తగా టికెట్ల సంచి భుజానికేసుకున్నప్పుడు నేనూ అట్లాంటి నవ్వు చూశాను. నాకు కోపమెక్కువ, నేనైతే కడిగిపారేసేదాన్ని. వదిన మాత్రం, “నవ్వనియ్యి పిల్లా. నవ్వుకుంటనే జర గీ గేటు పక్కకు వట్టుమను” అని, నవ్వినవాళ్ళ చేతనే బరువు మోయించుకునేది. మా వదినకు వినయం అనేది దేవుడు పెట్టలేదు. “మూడు జిల్లాలల్ల నా అసొంటి మెకానిక్‌ను ఒక్కరిని సూపియ్యి, నేను గీ పాన పారేస్త” అని చాయ్ తాగుతూ నా ముందు గొప్పలు పోయేది. ఆడబిడ్డను కదా, నాకు లోపల ఉడుకు. “ఇగ సాలు గని దిగు వదినా, కిందికి దిగు” అనేదాన్ని. “నువ్వు బస్సు దిగినంక చెప్పు” అని అనేది. మాటకు మాట అప్పజెప్పడంలో ఆమెను నేను ఏనాడూ గెలవలేదు.

ఏ ఇంటికి పోయినా ముందు మోటారు ఆపేసి, గేటును చేత్తో తోసి చూసేది. “చేత్తోని కదలని గేటు మోటరుతోని కదలది. దీనిది మోటరు రోగం గాదు, కాళ్ల రోగం” అనేది. చక్రాలను కాళ్ళనేది, సెన్సారును కన్ను అనేది. ఆ కాళ్ళు నడిచే ఇనుప దారి పట్టా. ఆ పట్టా కింద ఏ మట్టి ఉందన్నదే తన అసలు చదువని చెప్పేది. జనగామ చుట్టుపక్కల ఎర్ర చెల్క. ఎండాకాలం సన్నని దుమ్ము లేచి పట్టాలోకి చేరుతుంది. జనమేమో గేటు బిగుసుకుందని గ్రీసు పూస్తారు. దుమ్మూ గ్రీసూ కలిసి ముద్దయి చక్రాలను అరగదీస్తుంది. “బాపూ, గేటుకు నెయ్యి పెట్టి సాకకు, పట్టా చీపురుతోని ఊడ్వు, సాలు” అని చెప్పి వచ్చేది. మహబూబాబాద్ దిక్కు వానాకాలం చీమలు. మోటారు డబ్బా వెచ్చగా ఉంటుందని అందులోనే గూడు కట్టి బోర్డును తగలబెట్టేవి. తీగలు పోయే సందులన్నీ మైనంతో మూసేది. ఇక కోతుల సంగతి మీకు తెలిసిందే. మంద వచ్చి గేటెక్కి ఊగిందంటే మోటారు పళ్ళకు గేటు అడుగున బిగించిన పట్టీ పళ్ళు అందవు. దానికి మాత్రం మందు తన దగ్గర లేదని ఒప్పుకునేది. “గవి నాకంటే హుషారున్నయి” అనేది.

రఘునాథపల్లి సంగతి చెప్పకపోతే మా వదిన ఒప్పుకోదు. ఒకసారి దసరా తెల్లారి అక్కడి నుంచి ఫోను. గేటు తెరుచుకుంటుంది గానీ మూసుకోవడం లేదు. నాకు సెలవు, నేనూ వెంట పోయాను. చూస్తే ఏముంది, గేటు పక్కనుండే సెన్సారు కన్ను నిండా పసుపు, దాని మీద రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు! అడ్డం ఏదో ఉందనుకొని గేటు ఆగిపోతోంది. “ఎవలమ్మా దీనికి బొట్టు వెట్టింది?” అంది వదిన. ఆ ఇంటి పెద్దావిడ ముందుకొచ్చి, “నేనే బిడ్డా. బండికి వెట్టిన, నాగలికి వెట్టిన, గిది గూడ పనిచేస్తది గదా, దీనికెట్ల వెట్టకుంట?” అంది. నాకు నవ్వు ఆగలేదు. వదిన నన్ను ఉరిమి చూసి, తడిబట్టతో ఆ కన్ను తుడిచి, “అవ్వా, బొట్టు మంచిగ వెట్టినవ్. గని కండ్లల్ల వెడితే ఎవలకైనా కనవడ్తదా? నొసట వెట్టాలె” అంది. ఇంటికొచ్చి మా అన్నతో బొటనవేలంత ఇనుప రేకులు కోయించింది. ఆనాటి నుంచి తాను బిగించిన ప్రతి సెన్సారు పైన ఒక చిన్న రేకు. అది దాని నొసలు, పండగొస్తే బొట్టు అక్కడ. మా పక్కల గేట్లకు అట్లాంటి రేకు కనిపిస్తే అది మా వదిన చేతి పని అనుకోండి.

భూపాలపల్లి దిక్కు నల్లరేగడి మాత్రం ఆమెను ఏడిపించింది. అక్కడ మొదట వేసిన గేటు ఎండాకాలంలో వేసింది. నేల నెర్రెలు విచ్చి ఉంటే అందులో సిమెంటు నింపి, పట్టా బిగించి, దర్జాగా వచ్చేసింది. వానలు పడ్డాయి. రేగడి ఉబ్బింది. పట్టా నడుము పైకి లేచి గేటు సగంలో ఇరుక్కుంది, ఇంటివాళ్ళు నిచ్చెన వేసుకొని గోడ దాటారట. వదిన పోయి, ఊరంతా చూస్తుండగా తాను పోసిన సిమెంటును తానే గడ్డపారతో పగలగొట్టింది. “తప్పు నాదే. మా చెల్క లెక్కనే ఉంటదనుకున్న” అని చెప్పి, అక్కడే ఉన్న ముసలి రైతును ఈ నేల ఎప్పుడు విచ్చుతుంది, ఎప్పుడు ఉబ్బుతుంది అని అడిగింది. ఆయన కార్తెలతో లెక్క చెప్పాడు. అప్పటి నుంచి రేగడిలో గేటంటే ఆమెది ఒకటే పద్ధతి. రోహిణి కార్తెలో ఒకసారి నేల చూడాలి, మిరుగం, అంటే మృగశిర కార్తె, దాటి వానలు బాగా దిగాక ఇంకోసారి చూడాలి. నడుమ ఎవరెంత తొందరపెట్టినా పట్టా వేయదు. పైగా ఆ నిచ్చెన కథను కొత్తగా వచ్చినవాళ్ళందరికీ తానే చెప్పేది. “నీ పరువు నువ్వే తీసుకుంటవేంది వదినా?” అని అడిగాను. “చెప్పకపోతే వాళ్లు నన్ను వాన దాక ఆగనిస్తరా పిల్లా?” అంది.

అట్లా రోహిణి చూసి, వాన కోసం ఆపి పెట్టిన గేటు ఒకటి ఆ రేగడి దిక్కే టేకుమట్లలో ఉండగానే మా వదిన పోయింది.

ఆ ఇంటి ఇల్లాలి భర్తకు పక్షవాతం. భర్తను దవాఖానకు తిప్పడానికి ఆమె కారు నడపడం నేర్చుకుంది. కానీ ప్రతిసారీ ఆయనను ముందు సీట్లో కూర్చోబెట్టి, దిగి, ఆ బరువు గేటు తోసి, కారు బయటికి తీసి, మళ్ళీ దిగి మూయాలి. ఈలోగా ఆయన పక్కకు జారిపోతున్నాడు. ఒకసారి తల డోరుకు కొట్టుకొని రక్తం వచ్చింది. ఆయనను వదిలి దిగే పని లేకుండా రిమోటు గేటు కావాలని ఆమె మా వదినకు ఫోను చేసింది. వదిన పోయి పాత గేటు, దాని పట్టా తీసేయించి, రెండు స్తంభాల నడుమ నేలకు జానెడు ఎత్తున ఒక తాడు బిగించి కట్టింది. “చెల్లె, వాన పడ్డంక భూమి గీ తాడు దిక్కు ఎంత లేస్తదో సూడాలె. గప్పటిదాక ఎవలేమన్న సిమెంటు పోయనియ్యకు” అని చెప్పి వచ్చింది. మోటారు మాత్రం షాపులోనే అంతా సరిచేసి సిద్ధంగా పెట్టింది.

పెద్దకర్మ అయ్యాక ఆ ఇల్లాలే మా అన్నకు ఫోను చేసింది. ఆయన ఎత్తి నా చేతికిచ్చాడు. “అక్కా, మా మరిది తొందరవెడుతుండు. ఆమెనే లేదు, ఇగ ఎవలకోసం ఆగుడు, సిమెంటు పోసేద్దమంటుండు. నేను వద్దన్న. వాకిట్ల కంప అడ్డం వేస్కున్న. పందులొస్తున్నయి, కోతులొస్తున్నయి, మా ఆయనను తీస్కపోవాల్నంటే కంప గుంజాలె, మల్ల వెట్టాలె. అయినా ఆగుత. గని వానలు పడ్డంక వచ్చేటోళ్లు ఎవలన్న ఉన్నరా, చెప్పుండ్రి” అంది. మా అన్న వైపు చూశాను. ఆయన గోడ వైపు తిరిగాడు.

ఈ ఏడు మిరుగం పొడిగానే పోయింది. ఆరుద్రలో గానీ వాన దిగలేదు. దిగితే మాత్రం విడవకుండా కొట్టింది. మా అన్న షాపు షట్టరు అప్పటికీ తీయలేదు. నేను డ్యూటీ దిగి అట్లాగే ఖాకీ చొక్కాతో పోయి ఆయన ముందు నిలబడ్డాను. “అన్నా, అక్కడ ఒక ఆడామె కంప గుంజుకుంట కూసున్నది. ఎవల మాట మీద కూసున్నది? నీ పెండ్లాం మాట మీద. రేపు ఎవడో వచ్చి సిమెంటు పోస్తే, వచ్చే వానకు గేటు ఇరికితే, ఊరంత ఏమంటది? గా గేట్లామె వెట్టింది ఇరికింది అంటది. నువ్వస్తవా, నన్ను పార వట్టుకొని పొమ్మంటవా?” అని గొంతు చించుకున్నాను. ఆయన లేచి చెప్పులేసుకున్నాడు.

హన్మకొండలో బస్సు మారి టేకుమట్ల చేరాం. మా అన్న వాకిట్లో తాడు దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వదిన జానెడు ఎత్తున కట్టిన తాడు కింద ఇప్పుడు బెత్తెడు సందు కూడా లేదు. ఒక స్తంభం కళ్ళకు తెలిసేటంతగా వంగింది. ఎండాకాలంలోనే పట్టా వేసి ఉంటే అది విల్లులా వంగేది. ఆ ఇల్లాలి మరిది కూడా వచ్చి వంగి చూశాడు. పోయి పార తెచ్చుకొని మా అన్న పక్కన దిగాడు. నల్లమట్టి దాటి మొరం తగిలేదాకా తవ్వారు. అన్న ఇనుప చువ్వలు కట్టి దిమ్మె పోశాడు, పక్కల ఇసుక నింపాడు, వంగిన స్తంభాన్ని తీసి కొత్తగా నిలబెట్టాడు. అది గట్టిపడ్డాక ఇంకోసారి పోయి పట్టా వేశాం, గేటు ఎక్కించాం, వదిన సిద్ధం చేసిన మోటారు బిగించాం.

ఆ రోజు కూడా సన్నగా వాన పడుతోంది. ఇల్లాలు భర్తను ముందు సీట్లో కూర్చోబెట్టి, తాను కూర్చొని, కారు లోపలి నుంచే రిమోటు నొక్కింది. గేటు కదిలింది. చప్పుడు లేదు, ఆగడం లేదు, పోయి ఆ చివర నిలబడింది. ఆమె ఒక చేత్తో స్టీరింగు పట్టుకొని, ఒక చేత్తో భర్త భుజం పట్టుకొని కారు బయటికి తీసింది. ఆయన జారలేదు. గేటు మళ్ళీ దానంతట అది మూసుకుంది. వాడకట్టు వాళ్ళు చాలామంది గొడుగులతో, నెత్తిన సంచులతో నిలబడి చూస్తున్నారు. వాళ్ళలో ఒకాయన మా అన్న దగ్గరికి వచ్చి, “మంచిగున్నదన్నా. మాకు గూడ గావాలె. ఎవలు వెట్టిండ్రు గీ గేటు, నువ్వేనా?” అని అడిగాడు.

పరాయివాళ్ళతో మాట్లాడడానికి మా అన్న ఎప్పుడూ మా వదిన ముఖం చూసేవాడు. నేను జవాబు చెప్పబోయాను. ఆయన చేయెత్తి నన్ను ఆపాడు. మోకాళ్ళ దాకా నల్లమట్టి, నెత్తి మీది నుంచి కారుతున్న వాన. అందరికీ వినబడేటట్టు గట్టిగా చెప్పాడు. “మా ఇంటామె వెట్టింది.”