తమ్ముడు రాసిన ‘అక్క’

పోయిన మంగళవారం పొద్దున్నే ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. మా అమ్మ గుండె ఆగి పోయింది. కన్నతల్లి కాదు. ఇంట్లోంచి నన్ను గెంటేసినప్పుడు, కోడంబాక్కంలో తన ఒంటిగదిలో చోటిచ్చి కూతురని పిలిచిన తల్లి. నాలాగే ఆమెను కూడా పుట్టినప్పుడు మగబిడ్డ అని రాశారు. ఆ రాత మార్పించుకోవడానికే ఆమెకు సగం జీవితం పట్టింది. నేనింకా సరిగ్గా ఏడవలేదు. కోపం అడ్డుపడుతోంది.

అమ్మ సినిమా షూటింగులకు వంట చేసేది. ఇంటికి రాగానే సబ్బుతో చేతులు కడిగి, చెంగుకు తుడుచుకుని, అప్పుడు పసుపు సంచి విప్పేది. అఫిడవిట్టు, పేరు మారినట్టు గెజిట్టు, కలెక్టరాఫీసు సర్టిఫికెట్టు, చివరికి ‘స్త్రీ’ అని అచ్చయిన ఆధార్ కార్డు. అన్నిటికీ జిరాక్సులు. “నోటితో పిలిస్తే చాలదు మే, కాయితం మీద సీలు పడాల,” అనేది. కార్డు వచ్చిన రోజు ఎర్ర చీర కట్టి ఫొటో దిగింది. “నేను పోతే ఈ చీరే, ఈ ఫొటోనే. మరిచిపోయినావంటే లేచొచ్చి తంతా,” అంది.

నా కాగితాలకూ తనే వెంట తిరిగింది. ఒక ఆఫీసు కిటికీ దగ్గర గుమాస్తా, వరసలో అందరూ వినేలా, “పాత పేరేంది? గట్టిగా చెప్పు,” అన్నాడు. నేను తల దించుకున్నాను. అమ్మ నన్ను పక్కకు జరిపింది.

“రాసిచ్చుండాం గదా సార్, చదువుకోండి. కండ్లద్దాలు కావాలంటే నావి ఇస్తా.”

వెనక ఎవరో నవ్వారు. గుమాస్తా సీలు కొట్టాడు. బయటికొచ్చి అమ్మ రెండు టీలు చెప్పింది, తనది మాత్రం తాగలేదు. ఆ గుమాస్తా ముఖం నాకింకా గుర్తుంది, మరిచిపోయే ఉద్దేశం కూడా లేదు.

అమ్మకు మాధవరంలో ఒక తమ్ముడున్నాడు. ఆమె చీర కట్టిన నాటి నుంచి గడప తొక్కనివ్వలేదు. చెప్పడం ధర్మమని నేనే ఫోను చేశాను. అంతకంటే బుద్ధితక్కువ పని నా జన్మలో చేయలేదు. మర్నాడు నేను పూలు తెచ్చేలోగా, అమ్మను పడుకోబెట్టిన గదికి ఆయన బలగంతో దిగి, అమ్మ జుట్టు కత్తిరించి, ముక్కుపుడక తీసి, పంచె చొక్కా తొడిగేశాడు. వీధి గోడల నిండా కన్నీటి అంజలి పోస్టర్లు. మీసాల కుర్రాడి ఫొటో, పాత పేరు, అడుగున ‘ఇట్లు’ అంటూ ఆయన పేరు.

శ్మశానంలో మాత్రం ఆయన పప్పులు ఉడకలేదు. ఆసుపత్రి కాగితంలో అమ్మ పేరు, స్త్రీ అని ఉన్నాయి.

“ఆడమనిషి కాగితమిచ్చి మగమనిషిని తెచ్చినారే, ఎవురయ్యా ఇది? ఆధార్ ఏదీ?” అంటూ అక్కడ చనిపోయినవాళ్ళ పేర్లు రాసుకునే రైటరు పెన్ను కింద పెట్టేశాడు.

తమ్ముడు నా వైపు తిరిగాడు. పసుపు సంచి, మడిచిన ఎర్ర చీర నా ఒళ్ళో ఉన్నాయి.

“ఆ కార్డు ఇయ్యమ్మా, టైమైతా ఉండాది.”

“ఇస్తా మామా. ముందు చీర కట్టాల.”

నేను మామా అనగానే ముఖం చిట్లించాడు.

“చుట్టాలంతా చూస్తా ఉండారు...”

“చూడనీ.”

అందరి ముందూ ఎర్ర చీర కట్టాను, బొట్టు పెట్టాను. కత్తిరించిన జుట్టుకు ఏం చేయను? కొంగు కప్పాను. ఫారం ఆయన చేతే నింపించాను. పేరు రాశాడు. స్త్రీ అని రాశాడు. చనిపోయినవారు మీకు ఏమవుతారు అన్న చోట పెన్ను ఆగింది. చుట్టాల వైపు ఒకసారి చూసి ‘అక్క’ అని రాశాడు.

“గట్టిగా చదువు మామా,” అన్నాను.

చదివాడు. అక్కడే నేల మీద కూలబడ్డాడు. అమ్మయితే మంచినీళ్ళిచ్చేదేమో. నేను ఇవ్వలేదు. నాకు జాలి కలగలేదు, ఇప్పటికీ లేదు.

కొత్త పోస్టరు వేయించాను. అమ్మ దిగిన ఆ ఫొటో, సీలు పడిన ఆ పేరు. అడుగున ‘ఇట్లు, తమ్ముడు’ అని ఆయన పేరొక్కటే. నాది వేయలేదు. ఇక్కడి పాత పోస్టర్లన్నిటి మీదా అవే అతికించి, చివరిది పట్టుకుని మాధవరం బస్సెక్కాను. ఆయన గేటుకు ఎదురుగోడ మీద, మైదా జిగురు దట్టంగా పూసి, నా చేత్తో అతికించి వచ్చాను.

రోజూ పొద్దున పాల ప్యాకెట్టు కోసం ఆయన గేటు తీస్తాడు. ఎదురుగా ఎర్ర చీర, ముక్కుపుడక, భుజం మీద ఒత్తయిన జడ. అమ్మ ఆయన్నే చూస్తూ ఉంటుంది.